కంప్యూటరు కాలములో మన సొత్తు, మన గుట్టు

(డర్బన్ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా ఒక మనవి. మాది తల్లి ఒడిలో నేర్చిన తెలుగు కాదు. మా తాతలు చెరకు తోటలకు వచ్చినారు. మా నాయనలు ఇంగ్లీషు బడికి వెళ్ళినారు. మేము పగలంతా ఇంగ్లీషులో పాఠాలు చెప్పి, సాయంకాలము పలక పట్టుకొని, మా కంటె చిన్నవాళ్ళ పక్కన కూర్చొని అ, ఆ దిద్దుకొన్నవాళ్ళము. కనుక ఎక్కడైనా ఒత్తు జారితే పెద్దలు మన్నించాలి. కార్యవర్గమువారు ఈ ఏడు కంప్యూటరును గురించి, ఇంట్లో అవ్వలకు కూడా అర్థమయ్యేటట్లు చెప్పమన్నారు. మాకు తెలిసినంత చెప్తాము. తెలిసినది కూడా నష్టపోయి తెలుసుకొన్నదే.

మన పాత ఉగాది సంచికలన్నీ ఒకచోట చేర్చాలని మొన్న పూనుకొన్నాము. 1970ల నాటివి ముందు బయటికి తీశాము. ఎవరో మహానుభావుడు స్టెన్సిల్ మీద చేత్తో వ్రాస్తే సైక్లోస్టైల్ చేసినవి. కాగితము పసుపు పచ్చగా మారినది, అంచులు పురుగు కొట్టినవి, అయినా ప్రతి అక్షరమూ చదవవచ్చును. తరువాత 1990ల నాటివి తీశాము. అవి కంప్యూటరులో తయారైనవి. ఇవి సులువు, పని అయిపోయినట్లే అనుకొన్నాము. తెరిచి చూస్తే తెరమీద ఒక్క తెలుగు అక్షరము లేదు! ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు, గుప్పెడు ఆవాలు చల్లినట్లు.

సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు అమ్మినవారు ఎవరి లెక్క వాళ్ళు పెట్టుకొన్నారు. ఇంగ్లీషు అక్షరము ఉండవలసిన గదిలో "క" బొమ్మ పెట్టి, ఏ గదిలో ఏ బొమ్మ ఉన్నదో ఆ పట్టికను తమ దగ్గరే ఉంచుకొన్నారు. ఆ సాఫ్ట్‌వేరు పనిచేయాలంటే కంప్యూటరు వెనుక ఒక చిన్న తాళము గుచ్చాలి. దానిని డాంగిల్ అనేవారు. మేము కొన్న డాంగిల్ చెడిపోయినది. అమ్మినవారు అంగడి ఎత్తివేశారు. యూనికోడ్ అనే ఉమ్మడి లెక్కలో తెలుగు అక్షరాలకు 1991లోనే సొంత సంఖ్యలు ఇచ్చినారు గాని, అది మన ఇళ్ళ దాకా రావడానికి పదేళ్ళకు పైగా పట్టినది. ఈలోపల మనము వ్రాసినదంతా మరొకరి తాళము లోపల ఉండిపోయినది. డబ్బిచ్చి కొన్నది మనము, వ్రాసినది మనము, చదవలేనిది కూడా మనమే.

అచ్చు ప్రతులు దొరికినవాటిని పిల్లలు కూర్చొని మళ్ళీ టైపు చేశారు. ఒక సంవత్సరపు సంచికకు మాత్రము అచ్చు ప్రతి కూడా దొరకలేదు. అట్టమీద కలశము బొమ్మ ఉండేదని జ్ఞాపకము. ఎవరి పెట్టెలోనైనా ఉంటే దయచేసి మాకు చెప్పండి.

రెండవ నష్టము ఇంకా బాధ కలిగించేది. మా బడి పిల్లలు కొన్నేళ్ళ పాటు ఆదివారాలు ఇంటింటికీ తిరిగి పెద్దల మాటలు రికార్డు చేశారు. వారిలో ఒక అవ్వ ఉండేది. చెరకు తోట బారకాసుల్లో పుట్టిన మనిషి. ఆమె తెలుగులో తమిళము, జూలూ, తోట దొరల ఇంగ్లీషు కలిసిపోయి ఉండేవి. ఏ పుస్తకములోనూ ఆ తెలుగు లేదు. ఆ రికార్డులన్నీ మాలో ఒకరు తమ పేరుమీద ఉచితముగా తెరిచిన ఒక ఇంటర్నెట్టు ఖాతాలో దాచినారు. ఆయన మంచి మనిషి, జాగ్రత్తపరుడు. హఠాత్తుగా గుండెపోటుతో పోయినారు. దినవారాలు అయిన తరువాత ఖాతా తెరవబోతే, ఆయన ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పమని అడిగినది. ఆ నంబరును అప్పటికే ఇంటివారు రద్దు చేయించినారు. ఉత్తరాలు వ్రాశాము, కాగితాలు పంపినాము. ప్రతిసారీ ఒకే జవాబు, అదీ మనిషి వ్రాసినది కాదు. చివరికి ఖాతా మూతబడినది. అవ్వ అంతకు రెండేళ్ళ క్రిందటే పోయినది.

ఆ కంపెనీని మేము నిందించడము లేదు. వారి షరతులు వారు ముందే వ్రాసినారు, మేమే చదవలేదు. ఉచితమంటే పోయినదేమున్నది అనుకొన్నాము.

ఇక గుట్టు సంగతికి వస్తాము. మన పడుచువాళ్ళను అడిగితే "టీచరుగారూ, దాచుకోవలసినది మా దగ్గర ఏమున్నది?" అంటారు. మా వయసువాళ్ళకు ఆ మాట వింటే కొంచెము ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకో చెప్తాము.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ ఈ ఊరి రేవుకు చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది గిరిమిట్ ఒప్పందముమీద నెటాలుకు వచ్చినారు. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులము, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద మచ్చలు, అన్నీ చిట్టాలో ఎక్కించినారు. తోట దాటి బయటికి పోవాలంటే చేతిలో చీటీ ఉండాలి. చిట్టా దొరగారిది, మనిషి మనవాడు. ఆ చిట్టాలను తరువాతి కాలములో పరిశోధకులు కంప్యూటరుకు ఎక్కించినారు. ఈ రోజు మనలో చాలామంది వాటిని చూసే తాతగారి ఊరు విశాఖపట్నము జిల్లాలోనో, ఉత్తర ఆర్కాటు జిల్లాలోనో ఉన్నదని తెలుసుకొన్నారు. కనుక చిట్టా వ్రాయడమే పాపమని మేము అనము. ఆ చిట్టా లేకపోతే మా ఊరి పేరు మాకు తెలిసేది కాదు.

1906లో ట్రాన్స్‌వాల్‌లో మరొక చిట్టా వచ్చినది. ఆసియావాసులందరూ పేరు నమోదు చేసుకొని పది వేళ్ళ ముద్రలు వేయాలని. గాంధీగారు, ఆయనతో మన పెద్దలు, దానిని ఎదిరించినారు. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు ముందు పెద్ద ఇనుప బాణలిలో రెండు వేలకు పైగా రిజిస్ట్రేషను పత్రాలు కాల్చినారు. ఆనాడు వాళ్ళు దొంగతనాలు దాచుకోవడానికి కాల్చలేదు. ఆ తరువాత 1950లో జనాభా నమోదు చట్టము. మనిషిని జాతిపేరుతో పుస్తకములో ఎక్కించి, ఏ వీధిలో ఉండాలో, ఏ బడిలో చదవాలో, మాలాంటివాళ్ళు ఏ బడిలో చదువు చెప్పాలో దానినిబట్టి తేల్చినారు. మా యౌవనములో గుర్తింపు సంఖ్యలోనే జాతిని తెలిపే అంకెలు ఉండేవి. ఆ చట్టము 1991లో రద్దయినది.

ఫోను కంపెనీలను ఆనాటి సర్కారుతో పోల్చడము లేదు. అది అన్యాయమవుతుంది. వీరు సరుకు అమ్ముకొనేవారు. మనకు ఏమి కావాలో, ఎప్పుడు నిద్ర పట్టడము లేదో, ఎవరికి ఏ రోగమో తెలిస్తే ప్రకటనలవారికి ఎక్కువ ధరకు చోటు అమ్మవచ్చును. అంతే. కాని ఒకసారి వ్రాసిన చిట్టా, వ్రాసినవాడి చేతిలోనే ఎప్పటికీ ఉండదు. ఈ దేశములో దానికి చట్టము వచ్చినది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2013లో చేసినారు, 2021 జూలై 1 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. అది మన సంఘానికి కూడా వర్తిస్తుంది సుమా! నాటకములో వేషము వేసిన పిల్లల ఫొటోలు తల్లిదండ్రులను అడగకుండా నలుగురికీ పంపడము, సభ్యుల ఫోను నంబర్లు పట్టిక చేసి అందరికీ పంచడము మనము చేస్తూ వచ్చినవే. ఈ రెండూ మానుకొన్నాము.

సందేశాల సంగతి చాలామంది అడుగుతున్నారు. వాట్సాప్‌లో మన మాటలు చదువుతారా అని. 2016 నుంచి దానిలో సందేశాలకు, పంపినవారి ఫోను నుంచి అందుకొన్నవారి ఫోను వరకు ముద్ర వేసి పంపుతారు, దారిలో ఎవరూ విప్పలేరు. ఉత్తరము లోపలిది క్షేమమే. కాని కవరుమీద ఏమున్నదో తపాలావాడికి తెలుస్తుంది గదా: ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు. అర్ధరాత్రి కూతురు డాక్టరుకు నాలుగుసార్లు వ్రాస్తే లోపల ఏమున్నదో చదవనక్కరలేదు. సిగ్నల్ అనే మరొకటి ఉన్నది. అదే ముద్ర పద్ధతి, కాని కవరుమీద వివరాలు కూడా వీలైనంత తక్కువ ఉంచుకొంటారు. దానిని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. దాని సోర్సు కోడు, అంటే కంప్యూటరుకు వ్రాసిన ఆజ్ఞల మూలపాఠము, ఎవరైనా చదివి చూసుకోవచ్చును.

ఈ మూలపాఠము అన్న మాట దగ్గర కొంచెము ఆగుతాము. మా సాయంకాలపు బడిలో అచ్చు వాచకము లేని రోజుల్లో ఒక నోటు పుస్తకము ఉండేది. మాకు ముందు పాఠము చెప్పిన టీచరుగారు చేత్తో వ్రాసినది. దానిని మేము నకలు వ్రాసుకొన్నాము. తప్పులు కనబడితే దిద్దినాము. "ఏనుగు" పాఠము ఈ దేశపు పిల్లలకు బాగానే ఉన్నది గాని "గోదావరి" పాఠము అర్థము కావడము లేదని దాని పక్కన ఉమ్‌గెని నదిమీద ఒక పాఠము చేర్చినాము. తరువాత వచ్చినవారికి ఇచ్చినాము. ఎవరూ అడ్డు చెప్పలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అంటే సరిగ్గా ఇదే. వాడుకోవచ్చును, చదివి చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గారు ఈ ఉద్యమము మొదలుపెట్టినారు. ఆయన పెట్టిన లైసెన్సులో ఒక షరతు ఉన్నది: నీవు మార్చి పంచితే, నీకు దొరికిన స్వేచ్ఛనే తీసుకొన్నవాడికీ ఇవ్వాలి. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్సు మొదలుపెట్టినాడు. ఈ రెండూ కలిసి పూర్తి కంప్యూటరు నడిపే సాఫ్ట్‌వేరు అయినది.

ఇది ఎక్కడో దూరపు వ్యవహారము అనుకోకండి. దీనిలో మన దేశపు భాగము పెద్దది. మార్క్ షటిల్‌వర్త్ ఈ దేశపు బిడ్డే, వెల్‌కమ్‌లో పుట్టినాడు. 1999లో తన కంపెనీ అమ్మి, 2002లో సోయుజ్ నౌకలో అంతరిక్షానికి పోయి వచ్చినాడు. 2004లో ఉబుంటు అనే లినక్సు విడుదల చేయించినాడు. ఆ పేరు మన జూలూ సోదరుల మాట, మనుషులు ఒకరికొకరు అనే అర్థము. అడిగినవారికి సీడీలు తపాలాలో ఉచితముగా పంపేవారు. మా బడికి కూడా ఒక కట్ట వచ్చినది. ఏమి చేయాలో తెలియక కొన్నిటిని తోటలో పక్షులు రాకుండా దారానికి కట్టినాము. ఇప్పుడు చెప్పుకొంటే సిగ్గుగా ఉన్నది.

2007లో మన ప్రభుత్వ మంత్రివర్గము కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడాలని విధానము ఆమోదించినది. మేము పనిచేసిన బళ్ళలో మాత్రము దాని జాడ చూడలేదు. అక్కడ హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు తెలుగులోనే కనబడే లినక్సు తయారు చేశారు. లిబ్రె ఆఫీసులో మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఇదే పద్ధతిలో నలుగురూ వ్రాసి నలుగురికీ ఇచ్చినదే. డబ్బు రాదని ఏ అంగడివాడూ చేయని పనిని మన భాషకు ఈ స్వచ్ఛంద సేవకులు చేశారు. 1990లలో ఈ పద్ధతి మాకు తెలిసి ఉంటే కలశము బొమ్మ సంచిక పోయేది కాదు.

ఇప్పుడు మేము ఏమి చేశామో చెప్తాము. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మరమ్మతులు ఆపివేశారు. కొత్త విండోసుకు పనికిరావని చాలా ఆఫీసులు బాగా నడిచే కంప్యూటర్లను పారవేసినవి. అటువంటిది ఒకటి మా సభ్యుడు తెచ్చి ఇచ్చినాడు. దానిలో డెబియన్ లినక్సు వేసి, నెక్స్ట్‌క్లౌడ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పెట్టినాము. ఫొటోలు, రికార్డులు, పాఠాలు అన్నీ దానిలో ఉంటాయి. ఈ హాలులోకి వచ్చి వైఫై కలుపుకొంటే మీ ఫోనులోనే చూడవచ్చును. అదే మా సొంత సర్వరు. పేరు పెద్దది గాని, చెప్పుల పెట్టె కంటె కొంచెము పెద్దది, అంతే.

బయటి ఇంటర్నెట్టుకు దాని తలుపు తీయలేదు. తీస్తే దొంగలు రాత్రింబవళ్ళు గొళ్ళెము కదిలించి చూస్తూ ఉంటారు. కాపలాకు మాకు అంత నేర్పు లేదు. ఇంటినుంచే చూడాలని కోరినవారికి కాదన్నాము, కొందరికి కోపము వచ్చినది. ఈమెయిలు కూడా సొంతముగా నడపాలని మా కుర్రవాడొకడు ఉత్సాహపడినాడు. వద్దన్నాము. చిన్న సర్వరు నుంచి వచ్చే ఉత్తరాన్ని పెద్ద కంపెనీలు తరచు చెత్తబుట్టలో వేస్తాయి. అన్నీ సొంతముగా చేసుకోవాలనడము కూడా ఒక పిచ్చే.

కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2023లో రోజుకు ఎన్ని గంటలు పోయేదో మనకు జ్ఞాపకమే. కనుక బ్యాటరీ పెట్టె కొన్నాము. 2022 ఏప్రిలు వరదల్లో ఈ ఊరిలో కొన్ని ఇళ్ళే కొట్టుకొనిపోయినవి, నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు పోయినవి. ఒకే ఊరిలో ఎన్ని నకళ్ళు ఉంటే ఏమి లాభము? అందుకని రెండు డిస్కులు ఇక్కడ, మూడవది పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో ఒక సోదరి ఇంట్లో. నెలకు ఒకసారి ఎవరో ఒకరు అటు పోతూ మార్చి తెస్తారు. దారిలో పోయినా ఎవరూ చదవలేకుండా దానికి తాళము వేసి ఉంటుంది. ఆ తాళపు మాట వ్రాసిన కాగితము ముద్ర వేసిన కవరులో ఇద్దరి ఇళ్ళలో ఉన్నది. మూడేళ్ళకు ఒకసారి ఆ ఇద్దరినీ మారుస్తాము. పోయినవారి ఫోనుకు మేము మళ్ళీ అంకెల కోసము ఎదురుచూడము.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అంటే దోషము లేనిదని మాత్రము అనుకోవద్దు. 2024లో జరిగినది వినండి. లినక్సులో ఎక్స్‌జెడ్ అనే చిన్న భాగము ఉన్నది, ఫైళ్ళను కుదించేది. దానిని ఏళ్ళ తరబడి దాదాపు ఒక్క మనిషే, జీతము లేకుండా, అలసిపోయి చూసుకొంటున్నాడు. మారుపేరుతో ఒకడు వచ్చినాడు, సాయము చేస్తానన్నాడు. రెండేళ్ళకు పైగా ఓపికగా నిజమైన పనే చేసి నమ్మకము సంపాదించినాడు. తరువాత దానిలో దొంగ ద్వారము పెట్టినాడు. అది లోకమంతా పాకి ఉంటే ఎన్ని కంప్యూటర్ల తాళాలు వాడి చేతికి వచ్చేవో! ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించి, అది ఎందుకని వదలకుండా తవ్వి, మార్చి 29న బయటపెట్టినాడు. మూలపాఠము దాచినది అయి ఉంటే ఆయన అంత లోతుకు తవ్వగలిగేవాడు కాదు. మాకు మాత్రము ఆ అలసిపోయిన మనిషే ఎక్కువ జ్ఞాపకము వస్తాడు. మన సంఘములో కూడా తాళాలు తీసేది, కుర్చీలు వేసేది, లెక్కలు వ్రాసేది ఒక్కరే గదా. సాయము చేస్తానని ఎవరైనా వస్తే అనుమానించమని కాదు. మీరే రండి అని.

ఇంట్లో ఏమి చేయాలని అడిగేవారికి నాలుగు మాటలు. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు వద్దు. కీపాస్‌ఎక్స్‌సీ వంటి ఉచితపు పెట్టెలో దాచుకోండి. ఫోనులో దీపము వెలిగించే ఆప్ మీ ఫోను నంబర్లన్నీ అడిగితే ఇవ్వకండి, దీపానికి నంబర్లతో ఏమి పని? ముఖ్యమైన ఫొటోలు ఏడాదికి ఒకసారైనా డిస్కుమీదికి ఎక్కించండి. మీ తరువాత ఎవరు తెరవాలో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. ఇది చావు మాట అని కొందరు అవ్వలు మమ్మల్ని కసిరినారు. బ్యాంకు పుస్తకము ఎక్కడున్నదో చెప్తారు గదా అంటే ఊరుకొన్నారు.

భోజనాల తరువాత వెనుక గదిలో మా పిల్లలు కూర్చొని ఉంటారు. పాత ఫొటోలు తెచ్చినవారు అక్కడే స్కాను చేయించుకొని, ఫొటోలు వెంటనే వెనక్కు తీసుకొనిపోవచ్చును. మన సర్వరులో ఒక ప్రతి ఉంచాలా వద్దా అని అడిగి, మీ సంతకము తీసుకొంటారు. వద్దంటే ఉంచరు.

అవ్వ రికార్డులన్నీ పోయినవని చెప్పినాము. పోయిన నెలలో మా పాత విద్యార్థిని ఒకామె తన పగిలిన ఫోను బాగు చేయిస్తే, దానిలో ఒక ముక్క దొరికినది. నలభై సెకన్లు. అవ్వ ఏదో చెప్తూ మధ్యలో ఆగి, స్టవ్వుమీద పాలు పొంగుతున్నవని ఎవరినో కేకవేస్తుంది. కేక వేసినది తెలుగులోనే. అది వెనుక గదిలో ఉన్నది. వినాలనుకొన్నవారు రావచ్చును. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.